గుల్ఫసంధి కట్లు

మన దేశపు వైద్యచరిత్రను గూర్చి ప్రసంగించువారు సామాన్యముగా మహౌషధములను గూర్చియో, నాడీపరీక్షను గూర్చియో, సుశ్రుతుని శస్త్రనైపుణ్యమును గూర్చియో చెప్పుదురు. పిక్కకును పాదమునకును నడుమనున్న చీలమండను గూర్చి పలుకువారు అరుదు. నేను వైద్యుడను కాను. దేవరుప్పుల ప్రాంతమున తెలుగును సంస్కృతమును బడిపిల్లలకు చెప్పి విశ్రాంతి గైకొన్న యుపాధ్యాయుడను. అయినను ఈ చిన్న కీలు చరిత్రలో నాబోటి శాస్త్రపాఠకుని విడువని తగవొకటి యున్నది. మనుష్యులందఱి శరీరములును ఒకే యచ్చున పోసినవా, లేక యొక్కొక్కరిది యొక్కొక్క తీరా? ఆ సంగతి గ్రంథము నడిగి తెలిసికొనవలెనా, కంటితో చూచి తెలిసికొనవలెనా? ఈ ప్రశ్నకు చీలమండ చెప్పిన సమాధానమే నేటి ప్రసంగవిషయము.

ముందుగా పేరులు. చిన్ననాడు అమరము వల్లించినవారికి గుల్ఫము, ఘుటిక యను మాటలు గుర్తుండును. తెలుగున చీలమండ. ఇది మడమ కాదు. మడమ దీనికి దిగువను వెనుకకు నుండును. ఎవరి కాలిని వారు తడవి చూచుకొనుడు. లోపలి ప్రక్క నొక గుబ్బ, వెలుపలి ప్రక్క నొక గుబ్బ చేతికి తగులును. రెండును ఒకే యెత్తున లేవు. వెలుపలి గుబ్బ కొంత దిగువకును వెనుకకును ఉండును. లోపలిది పిక్కలోని పెద్ద యెముక కొన. వెలుపలిది దానిని అంటియుండు సన్నని యెముక కొన. ఈ రెండు కొనలును కంసాలి పట్టుకారువలె నడుమ నొక యెముకను పట్టియున్నవి. ఆ నడిమి యెముకను వైద్యులు టేలసు అందురు. దాని క్రిందిది మడమ యెముక. దేహభారమంతయు పిక్కనుండి ఈ టేలసు మీదుగా నేలకు దిగును.

ఎముకలు ఒకదానిపై నొకటి నిలిచినంత మాత్రమున కీలు కాదు. వానిని కట్టి యుంచునవి కావలెను. ఆ కట్లు రక్తము ప్రవహించు నాళములు కావు. స్పర్శను మోయు నాడులును కావు. ముడుచుకొని సాగెడు కండరములును కావు. తెల్లనై, నారవలె గట్టిగనుండు పట్టెలు. మన పల్లెలలో వీనినన్నిటిని కలిపి నరమనియే వాడుదురు. కాలు మడతపడినను నరమే, చేయి తిమ్మిరెక్కినను నరమే. మాటకు తప్పులేదు గాని, ఒకే మాట నాలుగు వస్తువులకు వాడినప్పుడు ఏ వస్తువు చెడినదో తెలియక చికిత్స దారి తప్పును. ఎముకను ఎముకకు కట్టు పట్టెను నేటి తెలుగు పాఠ్యపుస్తకములు సంధిబంధనమనుచున్నవి. వైద్యులు లిగమెంటు అందురు. నేను కట్టు అని వాడుదును.

చీలమండకు వెలుపలి ప్రక్క మూడు ముఖ్యమైన కట్లు గలవు. మూడును వెలుపలి గుబ్బనుండియే బయలుదేఱును. ఒకటి ముందునకు సాగి టేలసునకు తగులును. ఒకటి దిగువకు దిగి మడమ యెముకకు తగులును. మూడవది వెనుకగా పోయి మరల టేలసునే పట్టును. లోపలి ప్రక్కది వేఱు తీరు. విసనకఱ్ఱవలె విప్పారిన దట్టమైన కట్టొకటి, రెండు పొరలుగా నుండును. లోపలి కట్టు మిక్కిలి బలమైనది. వెలుపలి మూటిలో ముందుది బలహీనము. కాలు మడతపడినప్పుడు పాదము తఱచుగా లోపలికే తిరుగును. అందుచేత మొదట తెగునది ఈ ముందు కట్టే. దీనిని శ్రోతలు మనసున నుంచుకొనవలెను; ముందు ముందు దీనితోడనే పని.

ఇక చరిత్ర. సుశ్రుతసంహిత శారీరస్థానము ఐదవ అధ్యాయమున దేహమందలి భాగముల లెక్క యున్నది. కీళ్ళు 210, స్నాయువులు 900. ఆ 900లో చేతులకు కాళ్ళకు 600, మొండెమునకు 230, మెడకును పైభాగమునకును 70. ఒక్కొక్క కాలికి 150 వచ్చును. వానిలో వ్రేళ్ళకు 30, అరికాలు, కూర్చము, గుల్ఫము ఈ మూటికి కలిపి 30, పిక్కకు 30, మోకాలికి 10, తొడకు 40, గజ్జకు 10. కూడి చూచుకొనుడు, సరిపోవును. నేను పిల్లలకు లెక్కలు చెప్పలేదు గాని, ఈ కూడిక మాత్రము పలుమారులు నల్లబల్లపై వేసి చూపితిని. సుశ్రుతుని స్నాయుశబ్దము విశాలమైనది. ఎముకను ఎముకకు కట్టునదియు, కండను ఎముకకు కట్టునదియు రెండును అందులోనివే. వానిని నాలుగు తెగలుగా, శాఖలుగా పరచుకొన్నవి, గుండ్రనివి, వెడల్పైనవి, రంధ్రములు గలవి యని విభజించి, కాలు సేతుల యందును కీళ్ళయందును ఉండునవి శాఖలుగా పరచుకొన్నవని చెప్పెను. పలకలతో కూర్చిన పడవ పెక్కు కట్లతో బిగింపబడినప్పుడే నీటిపై జనులను మోయగలుగునట్లు, స్నాయువులచే కీళ్ళు కట్టబడుటచేత నరుడు భారము మోయుచున్నాడని యాతని పోలిక. ఎముకకో కండకో దెబ్బ తగులుటకంటె స్నాయువునకు దెబ్బ తగులుట హెచ్చు కీడని కూడ నుడివెను. ఎముక విఱిగిన అతుకును. కట్టు తెగినచో సరిగా నిలుచుట కష్టము. నేటి శస్త్రవైద్యు నడిగినను ఈ మాటను పూర్తిగా త్రోసివేయడు.

చీలమండను ఆయన ప్రత్యేకముగ కూడ చూచెను. 107 మర్మములలో గుల్ఫమర్మ మొకటి. అది రెండంగుళముల ప్రమాణము గలది, సంధిమర్మము, దెబ్బ తగిలినచో ప్రాణము పోదు గాని నొప్పియో, పాదము బిగిసిపోవుటయో, కుంటితనమో కలుగును. నిదానస్థానమున వాతకంటకమను వ్యాధి యున్నది. పాదము ఎగుడుదిగుడుగా పడుటవలన చీలమండను ఆశ్రయించి వచ్చు నొప్పి యని దాని లక్షణము. పొలముగట్టున కాలు మడతపడిన ప్రతివాడును అనుభవించునది ఇదియే.

ఈ 900 లెక్క యాతడెట్లు చేసెను? శవమును పరీక్షింపక తెలిసినవాడు శల్యవైద్యమునకు తగడని ఆయన మతము. అన్ని యవయవములు గలదియు, విషముచే చావనిదియు, దీర్ఘరోగములేనిదియు, నూఱేండ్ల ముదిమి లేనిదియునగు దేహమును తీసికొని, ప్రేగులను శుభ్రపఱచి, గడ్డితో చుట్టి, బోనులో నుంచి, మఱుగుచోట పాఱునీటిలో ఏడు రాత్రులు నానబెట్టి, పిదప వట్టివేళ్ళు, వెదురు మొదలగువాని కుంచెతో మెల్లమెల్లగా రుద్దుచు పొరపొరగా చూడవలెనని విధానము చెప్పెను. కంటితో చూచినదియు శాస్త్రమున చదివినదియు రెండును కలిసినప్పుడే జ్ఞానము పెరుగునని యాతని నిశ్చయము.

ఈ విధానమును చదివినప్పుడు నాకొక యాలోచన తోచును. ఏడు రాత్రులు నానిన దేహమున మెత్తనివి కరగిపోవును, గట్టివి మిగులును. పెద్ద కట్లు చక్కగా కనబడును గాని, వ్రేలి వెడల్పు పట్టెలో నడుమ సందున్నదా లేదా యనునంతటి సూక్ష్మము కుంచె క్రింద నిలుచుట కష్టము. అంతకంటె ముఖ్యము మఱొకటి. ఆయన యిచ్చిన సంఖ్య అందఱికి నొక్కటే. చరకుడు ఎముకలు 360 అనెను, సుశ్రుతుడు శల్యతంత్రమున 300 అనెను. పండితులు ఈ రెంటికిని సమన్వయము చేయుటకు శ్రమించిరి. ఎముకలను ఎంచు పద్ధతి భేదముచేత సంఖ్య భేదించెనన్నారు, అది సరియే. కాని ఒక మనుష్యునికిని మఱొక మనుష్యునికిని లెక్క భేదింపవచ్చునా యను ప్రశ్న ఆ చర్చలో ముందునకు రాలేదు. సుశ్రుతుడు చూడుమనెను, తరువాతివారు వల్లించిరి. కుంచె పోయినది, శ్లోకము నిలిచినది. పండితకులమున పుట్టి శ్లోకముచేతనే బ్రతికినవాడను గనుక ఈ మాట నేననుటలో దోషము లేదనుకొందును.

ఈ జాడ్యము మనకే పరిమితము కాదు. గ్రీకు వైద్యుడు గేలెను రోమునగరమున మనుష్యదేహమును కోయు వీలు లేక కోతులను మఱియితర జంతువులను కోసి వ్రాసెను. ఆ వ్రాత మీద ఐరోపా వెయ్యేండ్లకు పైగా నడచెను. 1543లో వెసాలియసు తన మహాగ్రంథమును ప్రకటించి, గురువు చదువుచుండగా సేవకుడు కోయు పద్ధతిని విడిచి, గురువే కోయవలెనని చూపెను. కట్లకొఱకే ఒక ప్రత్యేకగ్రంథము రావలెనన్న మఱి రెండువందల యేండ్లు పట్టెను. 1742లో రష్యా రాజధానియైన సెయింట్ పీటర్సుబర్గులో యోషియాసు వైట్‌బ్రెక్టను జర్మను పండితుడు లాటిను భాషలో శరీరమందలి కట్లనన్నిటిని బొమ్మలతో వర్ణించెను. బొమ్మ వచ్చిన పిదప నొక కొత్త చిక్కు వచ్చెను. బొమ్మలో నొక్క కాలే యుండును. ఆ యొక్క కాలే సకల మనుష్యుల కాలై కూర్చుండెను. శ్లోకమునకు బదులు బొమ్మను వల్లించిరి.

మన దేశమున కుంచె స్థానమున కత్తి తిరిగివచ్చిన దినము స్మరింపదగినది. కలకత్తా వైద్యకళాశాల 1835లో ఏర్పడెను. 1836లో అచ్చట మధుసూదన గుప్తుడు శవచ్ఛేదము చేసెను. ఈయన ఆయుర్వేద పండితుడు. సంస్కృతకళాశాలలో వైద్యము చెప్పినవాడు. సుశ్రుతసంహితను అచ్చునకు సిద్ధపఱచినవాడు. శవస్పర్శ మహాదోషమని సంఘము తలచుచుండిన కాలమున కత్తి చేబూనిన చేయి సుశ్రుతుని ప్రతులు దిద్దిన చేయియే యగుట నాకెంతయో ముచ్చట గొలుపును. మన హైదరాబాదు రాజ్యమున 1846లో వైద్యపాఠశాల స్థాపితమై ఉర్దూభాషలో బోధన సాగెను. అదియే పెరిగి ఉస్మానియా వైద్యకళాశాల యయ్యెను. కోస్తాజిల్లాలకు 1923లో విశాఖపట్టణమున ఆంధ్ర వైద్యకళాశాల వచ్చెను.

ఇప్పుడు మన కాళ్ళ కథకు వత్తును. 1889లో ఆర్థరు థామ్సను అను శరీరశాస్త్రజ్ఞుడు వివిధజాతుల చీలమండ యెముకలను పోల్చి, కూర్చుండు పద్ధతివలన ఎముకల ముఖములు మాఱునని వ్రాసెను. 1893లో లాహోరు వైద్యకళాశాల యాచార్యుడు హావ్‌లాక్ చార్లెసు పంజాబీల కాళ్ళ యెముకలను పరీక్షించి తన వ్యాసమును ప్రకటించెను. పెద్ద యెముక అడుగు అంచున ముందువైపునను, దానికెదురుగా టేలసు మెడమీదను నున్నని చిన్న ముఖములు కనబడినవి. మడమలు నేలనుండి లేవకుండ, తొడలు పిక్కలకానునట్లు గొంతుకూర్చుండినప్పుడు ఈ రెండెముకలును ముందుప్రక్క ఒరయును. ఆ యొరపిడి గుఱుతులే అవి. ఐరోపీయుల యెముకలలో ఇవి అరుదు. వారు కుర్చీ మనుష్యులు.

దీనిలో గొప్ప యేమున్నదని యడుగవచ్చును. ఆ కాలపు ఐరోపాలో తమ యెముకలకు భిన్నముగానున్న ఎముక కనబడినచో, అది కోతికి సమీపమైన జాతి లక్షణమని తేల్చు వాడుక యుండెను. చార్లెసు వ్యాసముల సారము వేఱు. ఎముక రూపమును పని దిద్దును. కూర్చుండు తీరు దిద్దును. పంజాబు రైతు కాలు తక్కువజాతి కాలు కాదు, పొలమున గొంతుకూర్చున్న కాలు. ఆ మఱుసటి యేడు ఆయనయే మఱొక వ్యాసమున, పెద్దల యభ్యాసము బిడ్డలకు పుట్టుకతో సంక్రమించునా యను ప్రశ్నను లేవదీసెను. ఆ తగవు లోతైనది. దానిలోనికి నేను దిగను. 1954లో బార్నెటు అను శాస్త్రజ్ఞుడు ఐరోపీయుల టేలసులలోను ఇట్టి ముఖములను గూర్చి వ్రాసెను. 1959లో ఇందర్‌బీర్ సింగు భారతీయుల యెముకలను మరల పరీక్షించెను. జాతికొక కాలు అను మాట క్రమముగ సడలిపోయెను.

మన ప్రాంతమున కలుపుతీయు స్త్రీని, కట్టమీద కూర్చున్న గొల్లను, రచ్చబండ చెంత చుట్ట ముట్టించు ముసలివానిని చూచినవారికి ఈ సంగతి వేఱుగ చెప్పనక్కఱ లేదు. చీలమండ అంతగా వంగనిదే ఆ కూర్చుండుట సాగదు. ఇది ఎంత నిజమో జయపురము చెప్పినది. కాలు పోయినవారికి విదేశములనుండి వచ్చిన కృత్రిమపాదము చెప్పులోపల నడచుటకు చేసినది. దానితో గొంతుకూర్చుండుట, వట్టి కాలితో మడి దిగుట కుదరలేదు. 1968 ప్రాంతమున రామచంద్రశర్మ యను చేతిపనివాడును, ప్రమోదకరణ సేఠీ యను శస్త్రవైద్యుడును కలిసి రబ్బరుతో జయపురపాదమును చేసిరి. అది నలుదిక్కుల వంగును. నర్తకి సుధాచంద్రన్ ఆ పాదముతో నాట్యమాడిన కథ 1985లో మయూరి యను తెలుగు చలనచిత్రముగ వచ్చినప్పుడు మన పల్లెలవారును చూచిరి. సింహాసనమున కూర్చుండని జాతికి సింహాసనపు కాలు పనికిరాదని ఒక చేతిపనివాడు గ్రహించుట చిన్న సంగతి కాదు.

ఎముకల మాట అట్లుండగా కట్ల మాట యేమాయెను? కట్లు ఎముకలవలె శ్మశానములోను పురావస్తుశాలలోను మిగులవు. వానిని చూచుటకు శవమునే కోయవలెను. అందుచేత ఈ లెక్క ఆలస్యముగ వచ్చినది. బొమ్మలో వెలుపలి ముందు కట్టు ఒక్క పట్టెగా గీయబడియుండును. 1997లో మిల్నరు, సోమ్సు అను బ్రిటిషు పరిశోధకులు 26 చీలమండలను కోసి ఈ యొక్క కట్టును మాత్రమే పరీక్షించిరి. పదింట అది ఒంటి పట్టె. పదమూటిలో రెండు పాయలుగ చీలియుండెను. మూటిలో మూడు పాయలు. అనగా సగము చీలమండలలో రెండు పాయలుండగా, పుస్తకపు బొమ్మతో సరిపోయినవి సగముకంటె తక్కువ! ఏది సహజము, ఏది విపరీతమని యిప్పుడు చెప్పుట యెట్లు? ఇరువదియాఱు కాళ్ళు లోకమునకంతటికి సాక్ష్యము కాజాలవు. అయినను బొమ్మ నిలువదని చెప్పుటకు ఇరువదియాఱు చాలును.

మఱుసటి యేడు, 1998లో, వారే లోపలి విసనకఱ్ఱ కట్టును పరీక్షించిరి. అందులోని పట్టెలలో కొన్ని ప్రతి కాలిలోను కనబడినవి. కొన్ని కొందఱిలో నుండి కొందఱిలో లేకపోయినవి. నడుమనుండి మడమకు దిగు వెలుపలి కట్టు కూడ నిలుకడ గలది కాదు. కొందఱిలో త్రాడువలె గుండ్రముగ, కొందఱిలో బద్దవలె పలుచగ నుండును. అది దిగు వాలును మనిషి మనిషికి మాఱును. కొందఱి టేలసు వెనుక చిన్న యెముక ముక్క యొకటి విడిగా నుండును. తెలియనివాడు ఎక్స్‌రే పటమున దానిని చూచి ఎముక విఱిగినదని భ్రమించుటయు కలదు.

దీనివలన నొకరి కాలు బలమైనది, ఒకరిది బలహీనము అగునా యని సందేహము. పాయలు ఒకటైనను మూడైనను, అన్నియు కలిసిన వెడల్పు పెద్దగా మాఱదని పరిశీలించినవారు చెప్పుచున్నారు. మూడు పేటల త్రాడును మూడు సన్నత్రాళ్ళుగ విడదీసి ప్రక్కప్రక్కల కట్టినట్లు. కావున పాయల సంఖ్య చేతనే కాలు చెడదు. అయినచో ఈ లెక్క యెవరికి కావలెను? తెగిన కట్టును తిరిగి కుట్టు శస్త్రవైద్యునికి కావలెను. రెండు పాయలుండగా నొకటియే యని తలచినవాడు రెండవదానిని విడిచిపెట్టును. పటము చూచువానికి కావలెను. పుట్టుకతోడి సందును తెగిన చీలికగ చదువకుండుటకు. మఱియు రోగికి కావలెను. పరీక్షాపత్రమున భేదము కలదని వ్రాసియుండుట చూచి తనకు రోగము వచ్చెనని కుములువారిని నేనెఱుగుదును.

పుట్టుకతోడి భేదము వేఱు, వచ్చిన వికారము వేఱు. ఈ రెంటిని విడదీయుట మన ప్రాంతమువారు కడుపుమంటతో నేర్చుకొన్న పాఠము. 1946లో మన కడవెండి గ్రామమున దొడ్డి కొమరయ్య అమరుడైన నాటికి జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలోనిది. ఆ నల్లగొండ నేలలో నీటియందు ఫ్లోరైడు మెండు. 1937లో షార్టు, పండిట్, రాఘవాచారి యనువారు మదరాసు రాజధానిలోని తెలుగు పల్లెలలో ఈ వ్యాధిని వర్ణించిరి. నల్లగొండ జిల్లా రోగులను గూర్చి 1955లో సిద్దిఖీ యను వైద్యుడు బ్రిటిషు వైద్యపత్రికలో వ్రాసెను. ఏండ్లతరబడి అట్టి నీరు త్రాగినవారి కట్లలో సున్నము చేరును. నారవలె వంగవలసినది ఎముకవలె బిగియును. ముఖ్యముగ వెన్నునకును, పిదప ఇతర కీళ్ళకును ఈ యాపద వచ్చును. గొంతుకూర్చుండి లేచుచుండిన మనిషి కూర్చుండలేడు, కూర్చున్న లేవలేడు. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహారసంస్థ శాస్త్రజ్ఞులు ఇట్టి ప్రాంతముల బాలురలో మోకాళ్ళు లోపలికి వంగుటను గూర్చి ప్రకటించిరి. పటికయు సున్నమును కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించు విధమునకు నల్లగొండ పద్ధతియనియే పేరు వచ్చెను. 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ మూలమున నదీజలము గొట్టముల ద్వారా పల్లెలకు వచ్చెను. ఒక జిల్లా పేరు నీటిశుద్ధి పద్ధతికి పెట్టవలసివచ్చినదన్న, అచ్చటివారెంత పడిరో ఊహించుకొనవచ్చును. నాడు కొందఱు దీనిని వంశదోషమనిరి, కొందఱు పూర్వజన్మ పాపమనిరి. వారి కట్లు పుట్టుకతో మంచివే, నీరు చెఱచినది.

ఇక కాలు మడతపడుట. మన తాటివనములలోని గీతకార్మికుడు చెట్టు నెక్కునప్పుడు కాళ్ళకు త్రాటిబందము తగిలించుకొని అరికాళ్ళతో మ్రానును రెండుప్రక్కల నదుమును. అప్పుడు పాదములు లోపలికి తిరిగియుండును. అనగా వెలుపలి ముందు కట్టు, నేను బలహీనమని చెప్పినదే, దినమెల్ల బిగువున నుండును. ఒగ్గుకథ చెప్పువాడు గజ్జెలు కట్టునది ఈ కీలుమీదనే. అతడు చిందువేసినప్పుడెల్ల బరువు దీనిపైననే పడును. ఇట్టివారికి కట్టు తెగినచో కూటికే ముప్పు.

కాలు బెణికినవాడు పసుపు సున్నము పట్టించుకొని రెండుదినములలో పనికి పోవుట మన వాడుక. ఎముక విఱిగినచో పుత్తూరు కట్టునకు పోవుటయు తెలుగునాట చిరకాలపు వాడుకయే. ఎముకకు కట్టు కట్టు నేర్పును నేను తక్కువచేయను. కాని ఎముక విఱుగక కట్టు మాత్రమే తెగిన కాలును ఇరుగుపొరుగువారు లెక్కపెట్టరు. పైకి నిటారుగ నుండును గదా. బాగుగ మానక మునుపే నేలమీద పరుగిడిన కాలు మరల మరల అదే ప్రక్కకు మడతపడును. బడిలో చెడుగుడు ఆడు పిల్లలలో ఇట్టివారిని చూచితిని. మూడవమారు పడిన బాలుని తోడివారు మందకాళ్ళవాడని వెక్కిరింతురు, తండ్రి సోమరియనును. ఆ పిల్లవాని చీలమండలో ఒకనాడు తెగిన పట్టె సడలి మానియుండునని ఎవరికి తోచును?

1992లో కెనడా దేశపు వైద్యులు పల్లెటూరివాడును వాడుకొనదగిన పరీక్షను ప్రకటించిరి. దెబ్బ తగిలిన వెంటనేగాని, వైద్యుని చెంతకు చేరినప్పుడుగాని, కుంటుచునైనను నాలుగడుగులు వేయగలడా యని చూడవలెను. వేయలేనిచో ఎక్స్‌రే తీయవలెను. రెండు గుబ్బల వెనుక అంచును, కొనను అదిమినప్పుడు ఎముకమీదనే నొప్పి తోచినను తీయవలెను. పాదమున చిటికెనవ్రేలి ప్రక్క నడుమ ఉబ్బెత్తు ఎముకను, లోపలి ప్రక్క గుబ్బకు ముందున్న ఎముకను అదిమినప్పటి నొప్పియు నట్టిదే. ఇవేవియు లేనిచో సామాన్యముగ ఎముక విఱిగియుండదు. అట్లని కట్టు తెగలేదని కాదు. వాపు తగ్గువఱకు విశ్రాంతి, చలువ, మెత్తని గుడ్డకట్టు; పిదప ఒంటికాలిపై నిలుచు నభ్యాసము. ఈ యభ్యాసము పనికిమాలినదని తలపవలదు. కీలు ఎటు ఒరగుచున్నదో కట్లలోని నాడులు మెదడునకు తెలుపుచుండును. కట్టు తెగినప్పుడు ఆ వార్త కూడ తెగును. ఒంటికాలి సాధన దానిని మరల నేర్పును. చెట్టెక్కువాడు ఆ వార్త సరిగ అందకముందే మ్రాను పట్టరాదు.

1959లో వరంగల్లున కాకతీయ వైద్యకళాశాల స్థాపితమైనది. మన జనగామ, పాలకుర్తి, దేవరుప్పుల పిల్లలు అందులో చదివి వైద్యులైనారు. నా యొద్ద శబ్దమంజరి చదివిన వారును అందులో కొందఱున్నారు. మరణానంతరము తమ దేహమును వైద్యవిద్యార్థులకిమ్మని వ్రాసియిచ్చు పెద్దలు మన తెలుగుదేశమున హెచ్చుచున్నారు. దహనమో ఖననమో జరుగక ఆత్మకు శాంతి యెట్లని నన్నడిగినవారికి, నానబెట్టి చూడుమని చెప్పినవాడు సుశ్రుతుడే యని మాత్రము చెప్పుచుందును. ఏటేట కొత్తగా వచ్చిన విద్యార్థులు బల్లపైనున్న కాలి చర్మమును విప్పి, వెలుపలి గుబ్బ ముందునకు కత్తిమొనతో మెల్లగ త్రోవ చేయుదురు. ఒకబల్ల చెంత ఒంటిపట్టె కనబడును. ప్రక్కబల్లవారు పిలిచి, తమకు రెండు కనబడినవందురు.